కండక్టరమ్మ దాటేసిన మాట

అంబులెన్సు స్టేషన్‌లో ఆమెని అందరూ కండక్టరమ్మ అనే పిలుస్తారు. బస్సులో టిక్కెట్లు కొట్టడం మానేసి పదకొండేళ్ళయినా ఆ పేరు మాత్రం ఆమెని వదల్లేదు. కొత్తగా చేరినవాళ్ళు, అంబులెన్సుకి కండక్టరేమిటా అని మొదటివారం అయోమయంలో పడతారు.

"తొమ్మిదేళ్ళు ముందుకు జరగండి, ముందుకు జరగండి అని జనాన్ని చంపాను. ఇప్పుడు వెనక్కి జరగండి, వెనక్కి జరగండి అని చంపుతున్నాను. అంతే తేడా" అని ఆమే వాళ్ళకి చెప్పి నవ్వుతుంది.

"ఆ చంపడమనే మాట మాత్రం మానెయ్యమ్మాయ్. మన ఉద్యోగానికి బావుండదు" అంటాడు ఆమె బండి డ్రైవరు. యాభై దాటిన మనిషి. ఆమె అతన్ని బాబాయ్ అంటుంది. చుట్టరికమేమీ లేదు. పక్కపక్క సీట్లలో ఏడేళ్ళు కూర్చుంటే ఆ మాత్రం వరస దానంతటదే కలుస్తుంది.

ఆమె ఈ పనిలోకి రావడానికి కారణం ఆమె బస్సే. ఒకరోజు మధ్యాహ్నం మలుపులో బస్సు పక్కకి ఒరిగి రోడ్డు దిగువకి జారిపోయింది. ఆమెకి మోచెయ్యి గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు పరిగెత్తుకొచ్చి, దొరికినవాళ్ళని దొరికినట్టు కాళ్ళూ చేతులూ పట్టుకుని బయటికి లాగేశారు. వాళ్ళది మంచి మనసే. కానీ లాగుతున్నప్పుడు కొందరు పెట్టిన కేకలు ఆమె చెవుల్లో చాలాకాలం నిలిచిపోయాయి. ఆమె మాత్రం టిక్కెట్ల సంచీ మెడలో వేసుకుని, చేతులూ కాళ్ళూ ఆడక, గట్టు మీద నిలబడిపోయింది.

అప్పుడొచ్చిన అంబులెన్సులోంచి ఒక సన్నటి మనిషి దిగాడు. గొంతు పెంచలేదు, పరిగెత్తలేదు. తిన్నగా ఆమె దగ్గరికొచ్చి, "మీరు కండక్టరు కదూ? బస్సులో ఎంతమంది ఉన్నారు?" అనడిగాడు.

ఆమె ఆలోచించకుండానే "నలభై ఒక్కరు" అంది. ఆ లెక్క ఆమె నాలుక చివరే ఉంది.

బయట నలభైమంది తేలారు. అతను మళ్ళీ లోపలికి దూరాడు. వెనక వరసలో, మూటల కింద, ఉలుకూ పలుకూ లేకుండా ఒక ముసలామె పడి ఉంది. ఊపిరి ఆడుతోంది. ఆమెని బండెక్కించాక అతను వెనక్కి తిరిగి, "మీరా లెక్క చెప్పకపోతే మేం వెళ్ళిపోయేవాళ్ళం" అన్నాడు. అంతే. ఆ ఒక్కమాట ఆమె మనసులో మేకులా దిగిపోయింది. ఏడాది తిరక్కుండా శిక్షణకి పేరిచ్చింది.

ఇంట్లో భర్తకి కర్టెన్లు కుట్టే పని. ముందుగది నిండా గుడ్డల తానులే. అతను మిషను తొక్కడం ఆపి, "ఆలోచించుకునే అంటున్నావా?" అని మాత్రం అడిగాడు. అత్తగారే గట్టిగా అడ్డుపడింది. "వేలు తెగితేనే కళ్ళు తిరిగి పడతావు. నువ్వు రక్తం కడుగుతావుటే?"

"పడితే ఎత్తుకెళ్ళడానికి బండి పక్కనే ఉంటుందిగా అత్తయ్యా."

అత్తగారికి వినికిడి తక్కువ. కానీ ఆ మాట ఎలా వినబడిందో వినబడింది, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. దాంతో అనుమతి దొరికినట్టయింది.

పనిలో చేరాక ఆమె మొదట నేర్చుకున్నది పరిగెత్తకపోవడం. బండి ఆగగానే దూకెయ్యాలని కాళ్ళు తొందరపడతాయి. దూకకూడదు. వచ్చేపోయే వాహనాలు దెబ్బలు తగిలినవాళ్ళ మీదికి రాకుండా బాబాయ్ బండిని రోడ్డుకి ఐమూలగా అడ్డం పెడతాడు. ఆమె చేతులకి గ్లౌజులు తొడుక్కుంటూ ముందు చూస్తుంది. పెట్రోలు వాసనుందా, తీగలేమన్నా తెగిపడ్డాయా, బండి ఇంకా ఒరిగేలా ఉందా? అటుపైన తలలు లెక్కపెడుతుంది. ఆ అలవాటు ఎలాగూ ఉన్నదే.

జనాన్ని తిట్టడం ఆమెకి చేతకాదు, పని చెప్పడం వచ్చు. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి దుప్పటి చేతికిస్తుంది. "బాబూ, చెయ్యెలాగూ ఎత్తే ఉంది కదా, ఇది పట్టుకో. నువ్వా చివర పట్టుకోమ్మా. అటు తిరిగి నిలబడండి. పాపం ఆవిడ బట్టలు కత్తిరించాలి, ఎవరికీ కనబడకూడదు." అలా అన్నాక ఫోను జేబులో పెట్టుకోనివాణ్ణి ఆమె ఇంతవరకూ చూడలేదు.

పడిపోయినవాళ్ళతో ఆమె ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుంది. వినబడుతోందో లేదో తెలియనివాళ్ళతో కూడా. "ఇప్పుడు మీ మెడ పట్టుకుంటున్నాను. తల తిప్పకండి, కళ్ళతోనే నన్ను చూడండి. ఇదిగో, చొక్కా కత్తిరిస్తున్నాను. కొత్తదా? ఏమనుకోకండి." గొలుసులు, గడియారాలు, పర్సులు తీసి అక్కడున్న ఇద్దరి ఎదుట సంచీలో వేసి మూతి కడుతుంది. ఎవరైనా నీళ్ళసీసా పట్టుకొస్తే చెయ్యి అడ్డం పెడుతుంది. ఆపరేషను అవసరమైతే కడుపులో నీళ్ళుండకూడదు. జనానికి ఆమె మీద కోపం వచ్చేది సాధారణంగా అక్కడే.

ఇలా పదేళ్ళు గడిచాక వచ్చింది ఆ రోజు.

ఉదయం పదవుతోంది. కూడలి దగ్గరి బస్సు స్టాపు ముందు ఒక వ్యాను టైరు పేలి, అదుపు తప్పి, స్కూటరు మీద వెళ్తున్నతన్ని కొట్టి, సిమెంటు స్తంభానికి గుద్దుకుంది. వ్యాను నిండా కొత్త తలుపులు. కొట్టిన ఊపుకి కట్లు తెగి, తలుపులన్నీ రోడ్డు మీదికి జారిపోయాయి. వార్నిషు వాసన గుప్పుమంటోంది. ఆ తలుపుల మధ్య మనుషులు.

ఆమె దిగి లెక్కపెట్టింది. ఐదుగురు. తమది ఒక్క బండి. రెండోది రావడానికి పావుగంట పడుతుందని వైర్‌లెస్‌లో చెప్పారు.

"నడవగలిగినవాళ్ళెవరైనా ఉంటే ఇటు రండి!" అని తన బస్సు గొంతుతో అరిచింది. నుదురు చిట్లిన ఒక పెద్దాయన లేచి నెమ్మదిగా వచ్చాడు. అంటే ఆయన ఆగగలడు. ఇక నలుగురు. గొంతు చించుకుని అరుస్తున్నవాడొకడు ఉన్నాడు. వ్యానులోంచి ఎగిరి పడ్డాడు, తొడ ఎముక విరిగి కాలు పక్కకి తిరిగిపోయింది. అరుస్తున్నాడంటే ఊపిరుంది, తెలివుంది. చప్పుడు లేనివాళ్ళ దగ్గరికే ముందు వెళ్ళాలి.

వ్యాను క్యాబిన్లో స్టీరింగు వెనక ఒకతను ఇరుక్కుని ఉన్నాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి పెట్టి, గడ్డం కొద్దిగా పైకెత్తి ఊపిరికి దారిచ్చింది. చెంప ఆనించి వింది. మెడ పక్కన వేళ్ళు పెట్టింది. లేదు. గాలి లేదు, నాడి లేదు. అతనొక్కడే అయ్యుంటే బయటికి తీయించి, ఛాతీ నొక్కుతూ కూర్చునేది. కానీ పక్కన ఇంకా ముగ్గురున్నారు. ఇక ఆశ లేదన్న గుర్తుగా నల్లచీటీ అతని మణికట్టుకి కట్టి వెనక్కి తిరిగింది. మొత్తం పది సెకన్లు.

ఆ పది సెకన్లూ రోడ్డు మీదనుంచి ఒకడు చూస్తూనే ఉన్నాడు. కాలు విరిగినవాడు. "మా అన్న! మా అన్నని చూడండి! నన్నొదిలెయ్యండి, మా అన్నని తియ్యండి!"

స్కూటరతని గొంతులో గురగురమంటోంది. బాబాయ్ తల రెండువైపులా పట్టుకుని కదలకుండా ఉంచితే, ఆమె హెల్మెట్ పట్టీ కోసి, అంగుళం అంగుళం జరిపి తీసింది. నోట్లో నిండిన రక్తాన్ని గొట్టంతో లాగేసరికి ఊపిరి ఆడింది. బస్సు స్టాపులో నిలబడ్డ ఒక అమ్మాయి మీద అద్దాల తలుపు పడి, అద్దం పెంకు మోచేతి లోపల కోసేసింది. రక్తం ఉండుండి ఎగజిమ్ముతోంది. ఆమె గుడ్డ మడతపెట్టి గట్టిగా అదిమి, పక్కనే బుట్ట దించి నిలబడ్డ పళ్ళమ్మే ఆవిడని పిలిచింది. "అక్కా, ఇలా రా. నీ అరచెయ్యి ఇక్కడ. నీ బరువంతా పెట్టు. నేను చెప్పేదాకా తీసి చూడకు."

"తియ్యనమ్మా" అంది పళ్ళావిడ. తియ్యలేదు కూడా.

అప్పుడు కాలు విరిగినతని దగ్గరికొచ్చింది. నుదురు చిట్లిన పెద్దాయన అప్పటికే వచ్చి అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. కాలు విరిగినతనికి ముప్పై అయిదుండొచ్చు. గోళ్ళ సందుల్లో రంపపు పొట్టు.

"నీళ్ళు... నీళ్ళియ్యండి" అన్నాడు.

"ఇప్పుడు ఇవ్వకూడదు నాయనా. పెదాలు తడుపుతాను."

తడిగుడ్డ పెదాలకి అద్దింది. అతను ఆమె చెయ్యి పట్టేసుకున్నాడు. "మా అన్నని చూశారా?"

"చూశాను."

"ఎలా ఉన్నాడు?"

"ముందు నీ కాలు సంగతి చూద్దాం" అంది.

అతను తలూపాడు. ఆ తలూపడంలో ఏదో ధైర్యం కనబడింది ఆమెకి. అన్న బాగానే ఉన్నాడు కాబట్టే ఈమె నా కాలు చూస్తోంది అనుకున్నాడని అప్పుడే తెలిసింది. తెలిసీ సరిచెయ్యలేదు. కాలుకి చెక్కలు కట్టింది. అతను పళ్ళు బిగపట్టి అరవకుండా ఓర్చుకున్నాడు.

రెండో బండి వచ్చి స్కూటరతన్నీ, అమ్మాయినీ తీసుకెళ్ళింది. తమ్ముణ్ణీ, పెద్దాయన్నీ తన బండెక్కించాక, కండక్టరమ్మ మళ్ళీ క్యాబిన్ దగ్గరికి వెళ్ళింది. రెండోసారి వేళ్ళు పెట్టి, ఈసారి నిమిషం నిండా చూసింది. లేదు. తెల్లదుప్పటి కప్పింది. వ్యాను తలుపు కోసే మిషను వాళ్ళు ఇంకా రాలేదు. పోలీసాయన దూరంగా వాహనాల్ని మళ్ళిస్తున్నాడు. పళ్ళావిడ చేతులు కడుక్కుని, ఎవరూ చెప్పకుండానే తన పీట తెచ్చుకుని ఆ కిటికీ పక్కన కూర్చుంది.

"నువ్వెళ్ళమ్మా. ఎవరో ఒకరు వచ్చేదాకా నేనుంటా."

తమ్ముడు బండిలో పడుకుని ఉన్నాడు. ఇదేదీ చూడలేదు.

మూడు వారాలకి ఫిర్యాదు వచ్చింది. ఆస్పత్రి మంచం మీదనుంచే తమ్ముడు తెల్లకాగితం మీద రాశాడు. సూపర్‌వైజరు ఆమెని కూర్చోబెట్టి చదివి వినిపించాడు. "మా అన్న దగ్గర ఆమె పది సెకన్లు కూడా నిలబడలేదు. చెయ్యి పెట్టి చూసి, చీటీ కట్టి వెళ్ళిపోయింది. నేను కళ్ళారా చూశాను. మా అన్న ప్రాణం పది సెకన్లదా?"

"పది సెకన్లన్నది నిజమే సార్" అంది.

విచారణ జరిగింది. డాక్టరొకాయన, ఆఫీసు నుంచి ఇద్దరూ కూర్చున్నారు. అడిగినవాటికి ఆమె వరసగా సమాధానాలు చెప్పింది. బాబాయ్‌ని అడిగారు. ఛాతీ లోపల పెద్ద రక్తనాళం తెగిపోయిందని, వాళ్ళు వెళ్ళేసరికే ప్రాణం పోయిందని పోస్టుమార్టం కాగితం చెప్పింది. స్కూటరతను, ఆ అమ్మాయి బతికారని రెండో కాగితం చెప్పింది. "మీ తప్పేమీ లేదు. నిబంధన ప్రకారమే చేశారు" అని రాసిచ్చారు. బాబాయ్ స్వీట్ల పొట్లం కొనబోతే ఆమె వద్దంది.

ఆ సాయంత్రం భర్త మిషను మీద కర్టెను అంచు మడిచి కుడుతున్నాడు. ఆమె వచ్చి గుడ్డల తాను మీద కూర్చుండిపోయింది.

"తప్పు లేదన్నారుగా?"

"అన్నారు."

"మరింకేం?"

"వాళ్ళు అడగనిది ఒకటుంది" అంది. "అన్న ఎలా ఉన్నాడని అతనడిగాడు. నేను మాట దాటేశాను. అతను బతికున్నాడని అనుకున్నాడు. అనుకోనిచ్చాను."

భర్త మిషను ఆపేశాడు. "ఆ టైములో ఏం చెప్తావు? అతనే చావుబతుకుల్లో ఉంటే."

"చావుబతుకుల్లో లేడు. కాలు విరిగింది, అంతే. తట్టుకోలేకపోయింది నేను. ఆ మొహం చూడలేక దాటేశాను."

అత్తగారు గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. ఎంత వినబడిందో తెలియదు. "ఆ అడగనిదేదో వెళ్ళి చెప్పేసి రారాదుటే? ఇంట్లో కూచుని నమిలితే అరుగుతుందా?" అంది.

విచారణ ముగిసింది కాబట్టి వెళ్ళడానికి అడ్డేమీ లేదన్నాడు సూపర్‌వైజరు. "కానీ ఆయన తిడితే పడాలి మీరు" అని కూడా అన్నాడు. బాబాయ్ తోడొచ్చాడు గానీ వార్డు బయట బెంచీ మీదే ఆగిపోయాడు.

పొడుగాటి గది. రెండు వరసల మంచాలు. కిటికీ పక్క మంచం మీద తమ్ముడు. కాలు కప్పీ మీదుగా తాడుకి వేలాడుతోంది, తాడు చివర బరువులు. ఆమె యూనిఫాంలో లేదు. అయినా చూడగానే గుర్తుపట్టాడు.

"కాగితం వెనక్కి తీసుకోమని అడగడానికొచ్చారా?"

"కాదు. మీరు రాయనిది ఒకటుంది. అది చెప్పడానికొచ్చాను."

కూర్చోమనలేదు. ఆమె నిలబడే చెప్పింది. రోడ్డు మీద అతనడిగిన ప్రశ్న, తను దాటేసిన తీరు, తనకి అప్పటికే నిజం తెలిసి ఉండటం. ఏదీ మిగల్చలేదు.

అతను కప్పీ వైపు తల తిప్పుకున్నాడు. "నాలుగ్గంటలండీ" అన్నాడు. "ఇక్కడికి తీసుకొచ్చాక నాలుగ్గంటలు. వచ్చిన ప్రతి డాక్టరునీ మా అన్న ఏ వార్డులో ఉన్నాడని అడిగాను. ఒకాయన వేరే బిల్డింగు అన్నాడు. నర్సు తరవాత చెప్తానంది. ఆఖరికి నేల తుడిచే ఆవిడ చెప్పింది. అయ్యో, ఆ పోయినతని తమ్ముడివా నువ్వు, అని." "పది సెకన్లని రాశాను గానీ... అసలు మంట అది కాదు. మీరు నా కాలు కడుతుంటే నేను మీకు దణ్ణం పెట్టుకున్నాను లోపల. అన్న బాగున్నాడని."

"నాకు తెలిసింది" అంది ఆమె. "మీ మొహంలో కనబడింది."

అప్పుడే వార్డులోకి ఒకావిడ వచ్చింది. చేతిలో క్యారేజీ. నలభై లోపు మనిషి, కళ్ళ కింద గుంటలు. తమ్ముడు తల తిప్పి, "మా వదిన" అన్నాడు. వదినతో, "అంబులెన్సు ఆవిడ" అన్నాడు.

వదిన క్యారేజీ కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని అడిగింది. "మీరేనా? నీళ్ళు నీళ్ళని అడిగితే ఇవ్వొద్దన్నది మీరేనా?"

"అవునండీ, నేనే."

"చచ్చిపోయేవాడికి గుక్కెడు నీళ్ళు పొయ్యడానికి చేతులు రాలేదా మీకు?" ఆమె గొంతు పెద్దది కాలేదు. అందుకే కండక్టరమ్మకి ఇంకా భయమేసింది. "బస్సు స్టాపులో చూసినవాళ్ళు వచ్చి చెప్పారు నాకు. నీళ్ళో అని మొత్తుకున్నాడట. అడ్డుపడ్డారట. ఆ రోజు నుంచి గ్లాసు నోటిదగ్గర పెట్టుకుంటే నాకు మింగుడుపడదు."

కండక్టరమ్మ నోరు తెరిచేలోపే మంచం మీదనుంచి తమ్ముడు అన్నాడు. "నీళ్ళడిగింది నేను వదినా."

వదిన అతని వైపు తిరిగింది.

"నేను. అన్న కాదు. నేనడిగితే, ఆపరేషనుంటుందని ఇవ్వలేదు. తడిగుడ్డ పెట్టారు. నీకెవరు చెప్పారు అన్న అడిగాడని?"

"అందరూ... అందరూ అదే అన్నారు."

"నాతో ఒక్కమాట అనలేదేం నువ్వు?"

"నువ్వే మంచంలో ఉంటే ఏమని అడగను?"

నెల రోజులుగా రోజూ రెండుపూటలా అన్నం తెచ్చిపెట్టిన మనిషి ఒకరు, తిన్న మనిషి ఒకరు. పోయినవాడి గురించి ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకోలేదని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

వదిన మంచం అంచున కూర్చుంది. "మరైతే ఆయన ఏమన్నాడు?" అని కండక్టరమ్మని అడిగింది.

ఈసారి ఆమె దాటెయ్యలేదు. "ఏమీ అనలేదమ్మా. మేం వెళ్ళేసరికే పోయారు. గుద్దుకున్న క్షణాల్లోనే అయిపోయిందని డాక్టర్లన్నారు. నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి పది సెకన్లే. బండి కదిలేముందు మళ్ళీ వెళ్ళి నిమిషం చూశాను."

"రెండుసార్లా?" అన్నాడు తమ్ముడు.

"రెండోసారికి మీరు బండిలో ఉన్నారు."

"తరవాత ఒక్కడే పడున్నాడా అక్కడ?" వదిన అడిగింది.

"లేదు. పళ్ళమ్ముకునే ఆవిడ పీటేసుకుని పక్కనే కూర్చుంది. తలుపు కోసి తీసేదాకా లేవలేదట."

వదిన అప్పుడు ఏడ్చింది. పక్క మంచాలవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. కండక్టరమ్మ బల్ల మీది కూజాలోంచి గ్లాసులో నీళ్ళు పోసి అక్కడ పెట్టింది, చేతికివ్వలేదు. కాసేపటికి వదినే తీసుకుని తాగింది.

బయల్దేరబోతుంటే తమ్ముడు అన్నాడు. "ఆ కాగితం వెనక్కి తీసుకోలేనండీ. మీమీద కోపం పోయిందని కూడా అనలేను."

"తీసుకోవద్దు. ఇంకో కాగితం కూడా రాయండి. నేను మాట దాటేసింది, ఆస్పత్రిలో ఎవరూ చెప్పంది, ఆ నాలుగ్గంటలూ. మీరు రాస్తేనే మావాళ్ళు వింటారు. నేను చెప్తే కండక్టరమ్మకి చాదస్తమెక్కింది అంటారు."

అతను రాశాడు. ఆ ఉత్తరం అందినరోజు సూపర్‌వైజరు తల గోక్కున్నాడు. తనమీద తనే ఫిర్యాదు రాయించుకున్న ఉద్యోగిని ఇరవయ్యేళ్ళ సర్వీసులో చూడలేదన్నాడు. ఉత్తరం పైకి వెళ్ళింది. కొన్నాళ్ళకి, కొత్తవాళ్ళ శిక్షణలో ఒక గంట కలిపారు. మనిషి పోయాడని రోడ్డు మీద అయినవాళ్ళకి ఎలా చెప్పాలి అన్నదానికి. చెప్పే పని ఎవరికీ ఇష్టం లేక ఆమెకే అంటగట్టారు. ఆమె ఆ గంటలో పెద్ద మాటలేవీ చెప్పదు. మోకాళ్ళ మీద కూర్చోండి, కళ్ళల్లోకి చూడండి, పోయారు అనే మాటే వాడండి, ఇంకో మాట వాడకండి, చెప్పాక వెంటనే లేచిపోకండి అంటుంది. ఒకతను చెయ్యెత్తి, "చెప్తే వాళ్ళు అక్కడే కుప్పకూలిపోతేనో?" అన్నాడు.

"కూలిపోతే పట్టుకోవడానికి మనముంటాం" అంది. "నాలుగ్గంటల తరవాత, ఒంటరిగా ఉన్నప్పుడు కూలిపోతే ఎవరుంటారు?"

చెప్పడం వేరు, చెయ్యడం వేరని ఆమెకీ భయం ఉండేది. ఆ ఏడాదే వేసవిలో, మధ్యాహ్నం పూట, ఒక కారు రోడ్డు పక్క గోడకి గుద్దుకుంది. లోపల ముసలి దంపతులు. డ్రైవు చేస్తున్నది ఆయన. భుజం ఎముక విరిగింది, తెలివిలోనే ఉన్నాడు. పక్క సీట్లో ఆవిడ. ఇంకెవరూ లేరు కాబట్టి ఈసారి చెయ్యగలిగిందంతా చేశారు. బయటికి తీశారు, ఛాతీ నొక్కారు, ఊపిరి ఊదారు. అరగంట గడిచింది. వైర్‌లెస్‌లో డాక్టరు ఇక ఆపెయ్యమన్నాడు.

గట్టు మీద కూర్చోబెట్టిన ఆయన, "మా ఆవిడకి ఎలా ఉందమ్మా?" అనడిగాడు.

ఆమె గ్లౌజులు తీసేసి, ఆయన ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. "బాబుగారూ, ఆవిడ పోయారు. మేం చేతనైనంతా చేశాం. ఫలితం లేకపోయింది."

ఆయన ఆమెని తోసేశాడు. విరగని చేత్తోనే, కానీ గట్టిగా. ఆమె రోడ్డు మీద వెనక్కి పడింది. బాబాయ్ ముందుకి రాబోతే వద్దని చెయ్యూపి, లేచి మళ్ళీ అక్కడే కూర్చుంది. ఆయన ఊపిరి ఎగదన్నుకొస్తోంది. నాడి పట్టుకుంది, పట్టుకోనిచ్చాడు. కాసేపటికి, "నేనిక్కడే ఉంటాను" అన్నాడు.

"మీ భుజానికి ఆస్పత్రిలో కట్టు పడాలండీ."

"ఉంటాను కాసేపు."

భుజానికి గుడ్డ ఊయల కట్టింది. బీపీ చూసింది, ఫరవాలేదు. వైర్‌లెస్‌లో ఇంకే పిలుపూ లేదు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఆయన్ని భార్య పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. దుప్పటి పక్కనుంచి ఆవిడ చెయ్యి తీసి ఆయన చేతిలో పెట్టింది కండక్టరమ్మ. జనం చుట్టూ మూగబోతే ఈసారి బాబాయే దుప్పట్లు పంచిపెట్టాడు. పదకొండు నిమిషాలు. తరవాత ఆయనే, ఎవరూ అడక్కుండా, "పదండమ్మా" అన్నాడు.

స్టేషన్‌కి వచ్చాక రిపోర్టు రాసింది. ఘటనాస్థలంలో ఆలస్యానికి కారణం అన్నచోట, భార్య దగ్గర కూర్చున్నారు అని రాసింది. సూపర్‌వైజరు ఆ కాగితం చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సంతకం పెట్టాడు.